చుక్కలు లెక్కబెట్టి

ఉమ్ సదఫ్‌ల దిగినంక
నాకు తెలిసిన మొదటి మాట బల్దియా.
కోరుట్లల గదే అంటం, గీడ గదే అంటరు.
డ్రైవర్ నోట ఆ మాట వినంగనే
మా మోరీలు, మా నల్లా బిల్లు, మా వార్డు మెంబరు
ఒక్కపారే యాదికొచ్చినయి.

ఊళ్ళె నేను గోడలు రాసేటోణ్ణి.
గొడుగు గుర్తు, కత్తెర గుర్తు, టేబుల్ ఫ్యాను.
ఐదేండ్లకోసారి సున్నం కొట్టి
పాతోని మీద కొత్తోణ్ణి ఎక్కించేది.
గీడ గుర్తుల్లేవు.
రాజధాని నుంచి ఒక కాగితం వస్తది, ఆకుపచ్చ ముద్రతోని.
ఫత్‌హీ సాబు, మిసిరోడు, లెక్కల గుమాస్తా,
"యా రస్సామ్" అని పిలుస్తడు.
నా పేరు ఆశన్న అని పదేండ్ల సంది చెప్తనే ఉన్న.

మెట్లకాడ టేకు పలక.
దాని మీద బల్దియా పెద్దల పేర్లు, బంగారు రేకుతోని.
నాకు అరబ్బీ చదువ రాదు, బొమ్మ లెక్క గీస్త.
ఎడమ దిక్కు నుంచి మొదలుపెడత,
అంటే ఇంత పెద్దోళ్ళనందరినీ
తోక పట్టుకొని గీస్తున్న అన్నట్టు.
చుక్కలు లెక్కబెడత. మనకు ఒత్తు ఎట్లనో వాళ్ళకు చుక్క అట్ల.
ఒకటి తప్పితే మనిషే మారిపోతడు.

ఖల్ఫాన్: మూడు చుక్కలు, రెండు నిలువు గీతలు.
ముత్యాల బేరగాడట. ఆఫీసు లేదు,
సుంకం కొట్టు అరుగే కుర్చీ.
సూకుల నలభై లాంతర్లు పెట్టిచ్చి
గాసునూనెకు పైసలు చాలక పడవ అమ్మిండట.
పలక మీద పడవ లేదు. రెండు సన్ తారీఖులున్నయి.

గానిమ్: రెండు చుక్కలు.
బజార్ల తిరిగే మేకలకు జుర్మానా పెట్టిండు.
మొదటి రసీదు ఆయన తల్లి మేక మీదనే.
ఆమె కట్టలేదు, మేకను కోసి
ఆఫీసోళ్ళందరికీ అన్నం పెట్టిందట.

మతర్ అంటే వాన అట.
ఒక్క చుక్క లేదు ఆ పేర్ల.
ఏడేండ్లు కూసున్నడు, ఏడేండ్లూ మొగులు లేదు.
ఎనిమిదో ఏడు ఒక్క రాత్రి కొట్టింది:
వాగు దారిల కట్టిన కొత్త బజారంత వాగే అయ్యింది.
పొద్దుగాల కాగితం వచ్చింది.
ఆయన తడిసిన చెప్పులు మెట్లకాడనే ఉండె,
ఎవరు తీయాలెనో ఎవరికీ తెలువదు.

గప్పటి నుంచి పదకొండు నెలలు
ఎవ్వరి పేరూ రాలే.

నాలుగున్నరకు చెత్త బండి కదిలేది,
గుల్ జమాన్ తోలుతుంటే వెనుక లస్మయ్య వేలాడుకుంట.
నీళ్ళ ట్యాంకరు వచ్చేది. దీపాలు వెలిగేవి, ఆరేవి.
పుట్టిన పోరగాళ్ళకు కాగితం దొరికేది, సచ్చినోళ్ళకు జాగ.
మురిగిన బజారును ముప్పై మందిమి పారలతోని ఎత్తినం.
నేను బ్రష్షు పక్కకు పెట్టి పార పట్టిన.
ఫత్‌హీ సాబు సంతకం జాగల
చిన్న గీత పెట్టేటోడు, పేరు కాదు, గీత.

తర్వాత సుహైల్ వచ్చిండు: రెండు చుక్కలు, కిందికి.
గీసేటప్పుడు నేను జాగ విడిచిన,
మతర్ కింద, నాలుగు వేళ్ళంత.
కొత్త సాబు దాని మీద వేలు పెట్టి అడిగిండు,
ఇదేంది, ఎవరిది?
ఫత్‌హీ నా దిక్కు చూసిండు.
నేను టేకు దిక్కు చూసిన.
"కర్రకు గాలి ఆడాలె సాబ్" అన్న, నాకు వచ్చిన ముక్కల అరబ్బీల.
ఆయన నవ్విండు. నమ్మిండో లేదో.

ఆ రాత్రి క్యాంపుల పప్పన్నం కలుపుతుంటే
లస్మయ్య నా చెయ్యి పట్టి ఆపిండు,
గోటి సందున బంగారం అంటుకున్నది.
"గిది ఎవరి పేర్లదిరా?"
చుక్కదో గీతదో నాకేమెరుక.
కడిగిన. పోలే.
అట్లనే తిన్న.